కాళ్ళు పట్టుకుని ఈసీజీ తీసిన మా ఓబులేశన్న

నిన్న పొద్దున మగ్గంలో ఉండగా ఫోన్ వచ్చింది. ఓబులేశన్న ఇక లేడట.

"సరే" అని పెట్టేసి మళ్ళీ నేయడం మొదలుపెట్టాను. నిజంగానే. మాట వినిపించింది కానీ లోపలికి దిగలేదు. మా ఆవిడ వచ్చి భుజం పట్టుకుని ఆపేదాకా నేస్తూనే ఉన్నాను.

అప్పటినుంచి అందరూ మెసేజ్ పెట్టి ఒకటే అడుగుతున్నారు, గుండెపోటా అని.

కాదయ్యా. ఊరందరి గుండెలు చూసినవాడు గుండెతోనే పోవాలని రూలేమైనా ఉందా? బైక్ మీద డ్యూటీకి పోతుంటే అనంతపురం రోడ్డులో లారీ గుద్దింది. హెల్మెట్ కూడా పెట్టుకున్నాడు. ఇంక నన్ను అడగొద్దు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. ఓబులేశన్న మా పెద్దమ్మ కొడుకు. మా అందరిలాగే ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి పెరిగినవాడే. తర్వాత చదువుకుని అనంతపురంలో ఒక ఆసుపత్రిలో ఈసీజీ టెక్నీషియన్ అయ్యాడు. ఉండేది మాత్రం మా వీధిలోనే.

ఆదివారమైతే బీపీ మెషిన్ పెట్టుకుని వాళ్ళింటి అరుగు మీద కూర్చునేవాడు. వీధి వీధంతా అక్కడికి చేరేది.

ఆ అరుగు మీద ఆయన రూల్స్ ఆయనవి. మగ్గం దిగి నేరుగా వచ్చినవాళ్ళు కాసేపు ఊరికే కూర్చోవాలి. చేతికి పట్టీ కట్టాక పట్టు రేటు మాట ఎవరూ ఎత్తకూడదు. మావాళ్ళకు అది చేతనవుతుందా? పట్టీలోకి గాలి ఎక్కుతుంటే ఎవడో ఒకడు ఎత్తేవాడు.

"నోరు మూసుకోండప్పా! మీరు రేటు చెప్పినప్పుడల్లా ముల్లు పైకి పోతాండాది" అని గాలి వదిలేసి, మళ్ళీ మొదటినుంచి.

మా అమ్మకు ఉప్పు తగ్గించమని చెప్పి చెప్పి అలిసిపోయాడు.

"ఉప్పు లేకుంటే ముద్ద యాడ దిగుతాదిరా? పోయి నీ మిషను బాగు చేయించుకో" అనేది ఆమె.

అన్న నవ్వేవాడు. మళ్ళీ ఆదివారం మళ్ళీ చెప్పేవాడు.

నా ఈసీజీ సంగతి కూడా చెప్పాలి. చెప్పకపోతే నాకు నిమ్మళం లేదు.

ఆ మధ్య నాకు ఎదలో దడ మొదలైంది. నేస్తూ నేస్తూ ఉంటే కళ్ళు తిరిగేవి. డాక్టర్ ఈసీజీ తీయించమన్నాడు. మగ్గం మానేయమంటారేమోనని నా భయం. నాకు ఇంకో పని రాదు.

అన్న నన్ను బల్ల మీద పడుకోబెట్టి, వైర్లు తగిలించి, మెషిన్ ఆన్ చేశాడు. కాగితం బయటికి వచ్చింది. గీత అంతా కోడి కెలికినట్టు ఉంది.

అన్న ముఖం పాలిపోయింది. అది చూసి నా ప్రాణం సగం అక్కడే పోయింది.

వైర్లు తీసి మళ్ళీ పెట్టాడు. జెల్ తుడిచి మళ్ళీ రాశాడు. మెషిన్‌ను నోటికొచ్చినట్టు తిట్టాడు. మళ్ళీ అదే గజిబిజి.

అప్పుడు నా కాళ్ళ వైపు చూసి పగలబడి నవ్వాడు.

"ఒరే నాగరాజా, నువ్వు ఈడ పండుకోనుండావు, నీ కాళ్ళు ఆడ మగ్గంలోనే ఉండాయి గదరా!"

చూసుకుంటే నిజమే. రెండు పాదాలూ ఒకదాని తర్వాత ఒకటి, మగ్గం చెక్కలు తొక్కుతున్నట్టు ఆడుతున్నాయి. ఒకటి ఆపితే రెండోది మొదలు. ఆ కదలికకే గీత చెదిరిపోతోందట.

అన్న తన తువ్వాలు నా పాదాల మీద కప్పి, రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. నేను లేవబోయాను.

"పెద్దోనివి, నువ్వు నా కాళ్ళు పట్టుకుంటే నాకు పాపం తగుల్తాదన్నా."

"నీ కాళ్ళు ఎవనికి కావాలప్పా? నేను మగ్గం ఆపుతాండా. గమ్మున పండుకో."

ఆ చేతుల కింద కాళ్ళు మెల్లగా సద్దుమణిగాయి. నర్సును పిలిచి బటన్ నొక్కమన్నాడు. ఈసారి గీత శుభ్రంగా వచ్చింది. చిన్న తేడా ఉందన్నారు, మాత్రలతో సరిపోతుందన్నారు. మగ్గం మానక్కర్లేదు.

బయట టీ తాగుతూ అన్న చెప్పాడు. తన కాళ్ళు కూడా ఇప్పటికీ నిద్రలో తొక్కుతాయట. వదిన రోజూ గొడవపెడుతుందట.

తర్వాత ఎన్నిసార్లు ఈసీజీకి పోయినా అంతే. నేను పడుకోవడం, ఆయన కాళ్ళు పట్టుకోవడం.

నిన్న సాయంత్రం ఆ అరుగు మీదే అన్నను పడుకోబెట్టారు. అందరూ దండం పెట్టి పక్కకు జరిగారు. నేను మాత్రం ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను.

ఒక్కసారి ఆడితే చాలని చూశాను.

వదిన వచ్చి నా చేతి మీద చెయ్యి వేసింది.

"విడిసిపెట్టప్పా నాగరాజా. ఇంక ఆడవు."

అన్నా, వచ్చే వారం నాకు మళ్ళీ ఈసీజీ ఉంది. నువ్వు లేకుండా ఆ బల్ల ఎక్కాలంటే భయంగా ఉంది. నువ్వు కావాలన్నా.

పోయిరా ఓబులేశన్నా. ఎక్కడున్నా నిమ్మళంగా ఉండు.

ఆడ ఎవరి కాళ్ళయినా ఆడుతుంటే లేచి పట్టుకోవద్దు. నువ్వు పండుకో.