నీలం గుళికల సాహెబు

చోటే సాహెబుకు లోకంలో ఒక్కటే శత్రువు: తుప్పు. మా రేవులో బోటు ఇంజన్ల సామాన్లమ్మే ఈయన, సముద్రపు గాలి పనిగట్టుకుని తన అంగడి మీదికే వీస్తుందని నమ్ముతాడు. ప్రతి నట్టుకూ నూనె పూసి, మైనం కాగితం చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, పక్కన నీలం గుళికల పొట్లం దూరుస్తాడు. తేమ తగిలితే ఆ గుళికలు గులాబీ రంగుకు మారతాయి. అప్పుడు సాహెబు ముఖం నీలంగా మారుతుంది.

ఇంటరు రెండుసార్లు తప్పి, కావలి లైబ్రరీలో పుస్తకాలన్నీ నమిలేసిన నాకు ఈ లోకం ఇచ్చిన ఉద్యోగం ఆ పొట్లాలు చూడడం.

“గులాబీ అయిందా అబ్బయా?” పొద్దున్నే ఆయన పలకరింపు ఇదే.

“ఇనుమన్నాక తుప్పు పడతాది మామా. పుస్తకంలోనే ఉండాది.”

“ఆ పుస్తకంలో గూడా ఒక పొట్లం పెట్టు. చెమ్మకి పాడైపోతాది.”

గులాబీ అయిన గుళికల్ని పెనం మీద వేడి చేస్తే మళ్లీ నీలమవుతాయి. పెనం సాహెబు భార్య ముంతాజ్ బేగంది. రెండు పెనాలు అలా పోగొట్టుకున్నాక ఆమె మూడోదాన్ని బియ్యం డబ్బాలో దాచింది. “దీన్ని ముట్టుకుంటే చెయ్యి ఇరుగుతాది,” అని మొగుడికి ముందే చెప్పింది.

అటక మీది ఇనపపెట్టెను మాత్రం సాహెబు నన్ను తాకనివ్వడు. ఒకసారి తొంగిచూశాను. పొట్లాల మీద రేవులోని బోట్లవాళ్ల పేర్లు. తనను వెక్కిరించినవాళ్ల జాబితా అనుకుని నా పేరు కూడా వెతికాను.

మొన్న కార్తీకంలో, వాయుగుండం కబురొచ్చిన మధ్యాహ్నం, సముద్రంలోంచి మా అన్న పెంచల్ ఫోను చేశాడు.

“ఇంజను ఆగిపోయిందిరా. గాలి తిరిగింది. కొట్టుకపోతా ఉండాం...”

మాట తెగింది. ఒడ్డున ఉన్నవాటిలో అంత దూరం వెళ్లగల బోటు సుధాకర్‌ది ఒక్కటే. హ్యాండిలు ఎంత తిప్పినా ఇంజను దగ్గనైనా దగ్గలేదు. విప్పి చూస్తే, డీజిలు చిమ్మే నాజిల్ లోపలి సూది తుప్పుకు బిగుసుకుపోయింది.

“ఈ పాత ఇంజనుకి నాజిల్ కావలిలో గూడా దొరకదు,” అన్నాడు సుధాకర్. మా అంగట్లోనూ లేదు. సరుకంతా రోజూ చూసేది నేనే కదా. మేఘం నల్లబడుతోంది.

అప్పుడు సాహెబు రొప్పుతూ వచ్చాడు. చేతిలో పొట్లం, దాని మీద సుధాకర్ పేరు.

“నాలుగేండ్ల కింద నువ్వు మార్చి పారేసిందే. బాగుచేసి పెట్టినా, ఇట్టాంటి రోజొస్తాదని.”

“అందరివీ పెట్టినావా సాహెబూ?”

“పాత ఇంజన్లుండే పదకొండు బోట్లకీ. ముందు గుళికలు చూడు.”

నీలంగా ఉన్నాయి. నాజిల్ కొత్త రూపాయిలా మెరిసింది. బిగించి తిప్పితే ఇంజను పలికింది.

నేను బోటెక్కుతుంటే సాహెబు నా జేబులో ఒక పొట్లం కుక్కాడు. “ఫోను తడవకూడదు. అన్న కనపడతానే మీ అమ్మకి చెయ్యి.”

సాయంత్రానికి అన్న బోటును తాడేసి లాక్కొచ్చాం. అమ్మ అన్నను వాటేసుకుంది. సాహెబు నేరుగా నా జేబులో చెయ్యి పెట్టాడు.

“గులాబీ చేసినావు గదరా.”

అంగడి వెనకే వాళ్లిల్లు. ముంతాజ్ బేగం లోపలికి పోయి, అంచుకు బియ్యపు గింజలంటుకున్న పెనం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.