సైకిళ్ల సత్వల్ది ఏడుసార్లు మానేశాడు

కోకంద్ బజారు గేటు దగ్గర సైకిళ్లు బాగుచేసే సత్వల్దికి చక్రం బెండు తీయడంలో కళ్లతో పనిలేదు. చక్రాన్ని తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఎక్కడ బిగువు తగ్గిందో పుల్లలే చెప్పేవి. పక్క ఊళ్లు దంగరా నుంచీ, రిష్తాన్ నుంచీ కూడా సైకిళ్లు వచ్చేవి. ఇంత పనితనం ఉన్నవాడికి పొద్దున్నే చేతులు వణికేవి. వణుకు తగ్గడానికి మందు పక్కనే దొరికేది. అతని రేకుల కొట్టు చాయ్‌ఖానా గోడకు ఆనుకునే ఉంది మరి.

ఆ చాయ్‌ఖానాలో వోడ్కా దొరికేదంటే తప్పు. కోకంద్ భక్తిగల ఊరు. అక్కడ వోడ్కా ఎవరూ తాగరు. టీ కూజాలో పోసి తెచ్చిన ‘చల్ల టీ’ని గిన్నెలో వంచుకుని తాగుతారు, అంతే. మొహల్లా పెద్ద ఇనాయత్ గారు కూడా ఎండాకాలంలో వేడిచేస్తుందని చల్ల టీయే తాగేవారు. చలికాలంలో ఎందుకు తాగేవారో ఎవరూ అడగలేదు.

సత్వల్ది భార్య రొబియా మాత్రం దాన్ని వోడ్కా అనే అనేది. అందుకే ఆమెకు గయ్యాళి అని పేరు.

కూతురు దిల్దోరా పుట్టినప్పుడు అతను మొదటిసారి మానేశాడు. ఇనాయత్ గారే నడుం కట్టారు. గొర్రెను కోయించారు, పులావు వండించారు, రొట్టె మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు. ఇంత మంచి సందర్భంలో ఊరికే ఎలా లేచి వెళ్తారు? కూజాలు వచ్చాయి.

“ఇవాళ ఒక్కరోజుకే తమ్ముడూ. నువ్వు మానేసినందుకే కదా తాగుతున్నాం. నువ్వు ముట్టకపోతే మమ్మల్ని అవమానించినట్టు కాదూ?” అన్నారాయన.

సత్వల్ది మర్యాద తెలిసినవాడు. ఎవరినీ అవమానించలేదు.

రెండోసారీ మూడోసారీ ఇలాగే గొర్రెలు పోయాయి. నాలుగోసారి ఒక ముసలమ్మ నీళ్ల మీద ఊది తాగించింది. అయిదోసారి పట్నం డాక్టరు సూదిమందు వేసి, ఏడాదిలోపు చుక్క తాగినా గుండె ఆగి చస్తావన్నాడు. సత్వల్ది మూడు వారాలు చావుకు భయపడ్డాడు. నాలుగో వారం, డాక్టరు మాటలో నిజమెంతో చూద్దామని తాగాడు. చావలేదు. ఆ రోజు నుంచి అతనికి వైద్యం మీద గౌరవం పోయింది.

రొబియా అప్పటికి ఏడవడం మానేసింది. కాలువ గట్టు మీద పడి ఉన్నాడని కబురొస్తే, తోపుడు బండి తీసుకుని వెళ్లి, కూరగాయల్లా వేసుకుని వచ్చేది. దారిలో ఎవరైనా పలకరిస్తే, “ఇవాళ బజార్లో ఇదే దొరికింది” అనేది.

అలాంటి రోజుల్లోనే తోజిఖాన్ కాలువలో పడింది.

తోజిఖాన్ ఆ పేటకు ఉత్తరాలు పంచే మనిషి. యాభై దాటినా సైకిలు మీదే తిరిగేది. ఆ వేసవిలో ముందు టైరు మార్పించుకుని, సత్వల్ది కొట్టు దగ్గరే ఎక్కి, వంతెన దిగుతుండగా ముందు చక్రం ఊడి తన దారిన తాను పోయింది. ఆమె గట్టు దాటి నీళ్లలో పడింది. మెడ కింది ఎముక విరిగింది. ఉత్తరాలు అరమైలు తేలుకుంటూ పోయాయి.

చాయ్‌ఖానాలో వెంటనే విచారణ జరిగింది. సైకిలు పాతదన్నారు. వంతెన వంకరన్నారు. ఆ వయసులో ఆడది సైకిలెక్కడమేమిటని ఇనాయత్ గారు తీర్పిచ్చేశారు. సత్వల్ది పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఎత్తితే కూజా పేరు కూడా ఎత్తాలి.

రొబియా మాంసం చారు కాచి ఆసుపత్రికి తీసుకెళ్లింది. తోజిఖాన్ రెండు గుక్కలు తాగి, “చారు బాగుంది గానీ, మీ ఆయన్ని పంపు” అంది.

అతను వెళ్లి గుమ్మంలోనే నిలబడ్డాడు. రొబియా వెనకే ఉంది.

“నట్టు బిగించావా?” అని అడిగింది తోజిఖాన్.

“గుర్తులేదక్కా.”

“తాగున్నావా?”

“ఊఁ.”

“ఊళ్లో అంతా నాదే తప్పంటున్నారంట. ఎముక ఎలాగూ అతుక్కుంటుందిలే. ఈ మాట ఉండిపోతుంది. నాతో చెప్పిందే వెళ్లి వాళ్లతో చెప్పు.”

సత్వల్ది తిన్నగా చాయ్‌ఖానాకు నడిచాడు. మిట్టమధ్యాహ్నం, జనం నిండుగా ఉన్నారు. రొబియా రోడ్డు మీదే ఆగిపోయి వింది.

“నట్టు నేనే బిగించలేదు. తాగున్నాను. పొద్దున్నే ఇక్కడే తాగాను, ఈ కూజాలోదే. ఇది టీ కాదు,” అన్నాడు అతను.

ఇరవై రెండేళ్లుగా అతను తాగుతుంటే నొచ్చుకోని ఊరు, తాగానని చెప్పేసరికి నొచ్చుకుంది. “నీకు మతి పోయిందా?” అన్నారు ఇనాయత్ గారు. కొట్టు ఖాళీ చేయమని చాయ్‌ఖానా వాడన్నాడు. తాగుబోతు చేతికి సైకిలు ఎలా ఇస్తామని జనం ఇంకో మెకానిక్కును వెతుక్కున్నారు.

ఆరోసారికి గొర్రె లేదు, ఒట్టు లేదు. పెరట్లో ద్రాక్ష పందిరి కింద పనిముట్లు పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడే గానీ, మూడు రోజులు చీమలు పాకుతున్నాయని ఒళ్లంతా గీరుకున్నాడు. రొబియా అతని రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది.

“దిల్దోరా, ఒక్క గుక్క పోయవే,” అని బతిమాలాడు. పెళ్లాన్ని కూతురి పేరుతో పిలవడం అక్కడ మగవాళ్ల అలవాటు.

“వోడ్కా లేదు. చక్రం ఉంది, ఇమ్మంటారా?”

ఇమ్మన్నాడు. వణికే చేతులతో బెండు తీశాడు. తీశాక పుల్లలన్నీ వదులు చేసి మళ్లీ తీశాడు. ఆ ఒక్క చక్రంతో తొమ్మిది రోజులు గడిచాయి. అవి రొబియా కాపురంలో అందమైన రోజులని చెప్పలేను. ఆ తొమ్మిది రోజుల్లో అతను ఆమెను తిట్టాడు, పళ్లెం విసిరాడు, కాళ్లూ పట్టుకున్నాడు. కానీ గడప దాటలేదు.

మొదటి బేరం తోజిఖాన్‌దే. చెయ్యి ఇంకా మెడకు వేలాడుతుండగానే పాత సైకిలు తోసుకుంటూ వచ్చింది.

“నువ్వే బిగించు. నేను చూస్తుంటా,” అంది.

అతను బిగించాడు. ఆమె మంచి చేత్తో పానా తీసుకుని మళ్లీ బిగించి చూసింది. ఆ తర్వాత ఎన్నేళ్లయినా అలాగే చూసేది. సత్వల్ది ఏమీ అనుకునేవాడు కాదు. ఆమెను చూసి మిగతావాళ్లూ మెల్లగా వచ్చారు, పెరటి తలుపు గుండా, తల వంచుకుని, తాగింది తామైనట్టు.

కూతురి పెళ్లిలో రెండు రోజులు మళ్లీ తాగాడు. మూడో రోజు, రొబియా వాసన పట్టకముందే ఎదురొచ్చి, “తాగాను,” అన్నాడు. అంతకుముందు ఆమెతో తనంతట తానుగా అలా ఎప్పుడూ చెప్పలేదు. ఆ ఏడోసారి మానింది ఆరేళ్లు నిలిచింది.

కాలేయం మాత్రం అంత మర్యాద తెలిసింది కాదు. ఆ ఆరో ఏడు, ఆప్రికాట్లు పండే రోజుల్లో పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి, పదకొండు రోజుల్లో పోయాడు. మానేయడం వల్లే పోయాడని మొహల్లా తేల్చింది. ఒంటికి అలవాటైనదాన్ని ఉన్నట్టుండి ఆపకూడదట.

నలభయ్యో రోజు పులావుకు మగవాళ్లంతా పెరట్లో కూర్చున్నారు. ఇనాయత్ గారు గడ్డం నిమురుకుని, “సత్వల్ది స్వచ్ఛమైన మనిషి. జీవితంలో చెడ్డదేదీ ముట్టలేదు,” అన్నారు. అందరూ తలలూపారు.

లోపల ఆడవాళ్ల మధ్య ఉన్న రొబియా లేచి కిటికీ దగ్గరికి వచ్చింది.

“ముట్టాడు బాబాయ్ గారూ. ఇరవై రెండేళ్లు ముట్టాడు. ఎంత కష్టపడి మానాడో నేను చూశాను. ఆయన సంపాదించుకున్నది అదొక్కటే. దాన్ని కూడా లేదనకండి.”

చేతులు మళ్లీ పళ్లేల్లోకి వెళ్లాయి. పులావులో ఉప్పు కాస్త తగ్గిందని ఇనాయత్ గారు అన్నారు. నిజమే, తగ్గిందని మిగతావాళ్లూ ఒప్పుకున్నారు.