చివరి పూస

ఇందాక ఐసీయూ బయట నర్సు అమ్మ చేతిసంచీ నా ఒళ్లో పెట్టింది. అందులో పాత చెక్కపూసల జపమాల.

ఎనభైల్లో రేపల్లె ప్యాసింజరు ఎక్కినవాళ్లకు గుర్తుందా? గాలివాన వస్తే అది ఎక్కడ ఆగిపోయిందో చెప్పేవాళ్లే ఉండరు. అమ్మ రేపల్లెలో టైపిస్టు, మా ఇల్లు తెనాలిలో. "వేమూరులో జపమాల మొదలెడితే, తెనాలి వచ్చేసరికి చివరి పూస అయిపోద్దే" అనేది.

ఒక గాలివాన సాయంత్రం రైలు రాలేదు. నాకు తొమ్మిదేళ్లు. మరియమ్మ పటం ముందు కూర్చుని ఇంట్లో ఉన్న జపమాల చెప్పడం మొదలుపెట్టాను. చివరి పూస దగ్గర ఆగాను. ఇది అయిపోయాక కూడా అమ్మ రాకపోతే? గబుక్కున మొదటి పూసకు వెళ్లిపోయాను. అలా ఎన్నిసార్లు వెనక్కి వెళ్లానో.

"ఇంక చాల్లేమ్మా, లేచి అన్నం తిను" అని పక్కింటి పిన్ని బతిమాలినా లేవలేదు.

చివరికి తలుపు చప్పుడైంది. తడిసి ముద్దయిన చీరతో అమ్మ. "ఏంటే, ఇంకా అవలేదా?" అంది.

ఇప్పుడు అమ్మకు ఎనభై ఆరు. గాజు తలుపు అవతల కళ్లు తెరవకుండా పడుకుని ఉంది.

"అక్కా, డాక్టరుగారు మనతో మాట్లాడాలంటున్నారు, రా" అని తమ్ముడు పిలుస్తున్నాడు.

నేను చివరి పూస దగ్గరున్నాను. లేవకుండా మళ్లీ మొదటి పూస పట్టుకున్నాను.