చెవి మేస్త్రికి వినిపించని చప్పుడు

ఆ నెలంతా చెవి మేస్త్రికి మనుషులు అర్థం కాలేదు. ఉన్నట్టుండి అందరూ గొంతులు తగ్గించేశారు. ఎదురు కొట్టు టైలరు ఏదో అంటాడు, నవ్వుతాడు. దేనికి నవ్వాడో తెలియక మేస్త్రి కూడా నవ్వేస్తాడు. బండ్లు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్లు నోట్లో నోట్లో గొణుగుతారు. ఇక భార్య సంగతి సరేసరి. పెళ్లయిన కొత్తలో గడప దాటి మాట వినిపించని మనిషి, ఇప్పుడు మంచినీళ్లు కావాలా అని అడగడానికి కూడా కేకలు పెడుతోంది. "వయసు మీద పడుతోంది కదా, దీనికి కోపం ఎక్కువైంది," అనుకుని ఊరుకునేవాడు. లోకమంతా గుసగుసలాడుతోంది, పెళ్లాం మాత్రం అరుస్తోంది, ఏమిటో ఈ తికమక అని తల గోక్కునేవాడే తప్ప, ఆ రెండింటికీ ముడిపెట్టి చూడాలని ఆ మొండి బుర్రకి తట్టలేదు.

తట్టకపోవడానికి కారణం ఉంది. చెవి మేస్త్రి అన్న పేరు ఊరికే రాలేదు మరి! మిగతా మెకానిక్కులు ఇంజను విప్పి చెప్పేది ఆయన స్టూలు మీంచి లేవకుండా చెప్పేవాడు. మలుపు అవతల ఉన్న బండి ఇంకా కంటికి ఆనకముందే, "పాపం, ఒక ప్లగ్గు చచ్చిపోయింది దీనికి, కుంటుతూ వస్తోంది చూడు," అనేవాడు. బండి వచ్చాక చూస్తే అదే. చుట్టుపక్కల డ్రైవర్లు ఆయన మాటంటే చెవి కోసుకునేవారు. అలాంటివాడికి చెవి మందగించిందని ఎవరు చెప్తారు? చెప్పినా ఆయన నమ్మొద్దూ!

సరిగ్గా అప్పుడే బావమరిది తన పికప్ బండి తెచ్చి కొట్టు ముందు ఆపాడు.

బావమరిది గాజు పలకలు తోలతాడు. కిటికీల గాజు, అల్మారాల గాజు, పెద్ద పెద్ద అద్దాలు. వాటిని వెనక చెక్క చట్రాల్లో నిలబెట్టి, సందుల్లో పాత దుప్పట్లు కుక్కి, పసిపిల్లల్ని తీసుకెళ్లినట్టు తీసుకెళ్తాడు. గాజు మోసేవాడికి ఎక్కడ టిక్కుమన్నా ప్రాణం గిలగిల్లాడుతుంది. ఆ పనిలో పడ్డాక బండిలో పాటలు పెట్టుకోవడం కూడా మానేశాడు. గొంతు మాత్రం వాడిది ఎప్పుడూ పెద్దదే.

"బావా, ఇంజన్లో ఏదో మోగుతోంది. పొద్దున్నే స్టార్ట్ చేయగానే గలగలమంటుంది. వేడెక్కితే తగ్గుతుంది గానీ, సన్నగా ఎక్కడో ఉండనే ఉంటుంది."

"ఏదీ, స్టార్ట్ చెయ్యి."

స్టార్ట్ చేశాడు. మేస్త్రి కళ్లు మూసుకుని, తల కాస్త వంచి విన్నాడు. ఇంజను కడుపు నిండిన మనిషిలా మెత్తగా గురకపెడుతోంది. అంతకుమించి ఏమీ లేదు.

"ఏం లేదురా. గాజు మోసీ మోసీ నీకు అన్నీ మోగినట్టే ఉంటున్నాయి."

"ఇప్పుడు వేడిగా ఉంది కదా బావా. పొద్దున్న వినాలి."

"సరే, ఇక్కడే వదిలిపో. పొద్దున్నే విందాం."

మర్నాడు పొద్దున్న బావమరిది తాళం తిప్పాడు. అటువైపు కొట్టు తలుపు ఎత్తుతున్న టైలరు గిరుక్కున తిరిగాడు. "అమ్మబాబోయ్! అన్నా, అదేంటి, రేకు డబ్బాలో మేకులు పోసి ఊపినట్టుంది!"

మేస్త్రి టైలరు ముఖం చూశాడు. బావమరిది ముఖం చూశాడు. ఇద్దరిలో ఒక్కడి పెదవి మీదా నవ్వు లేదు. ఆయనకేమో అదే మెత్తటి గురక. ఇద్దరూ కూడబలుక్కుని ఆటపట్టిస్తున్నారా? టైలరంటే సరే, తుంటరి. బావమరిది పొద్దున్నే బేరం మానుకుని వచ్చి ఈ పరాచికాలాడతాడా? బానెట్ ఎత్తి, తల లోపల పెట్టినంత పని చేశాడు. ఏమీ లేదు. మతి పోయినట్టయింది ఆయనకి. ఇద్దరూ తనవైపే చూస్తున్నారు, తీర్పు చెప్పమన్నట్టు.

"ఆ... విన్నాను, విన్నాను," అనేశాడు.

నోరు జారాక వెనక్కి తీసుకోవడం ఎలా? చప్పుడు విన్నానన్నాక జబ్బు పేరు కూడా చెప్పాలి కదా! ఇంజను టకటకలాడితే చాలాసార్లు వాల్వుల సందు పెరిగే ఉంటుంది కాబట్టి, చీకట్లో బాణం వేశాడు. "వాల్వుల సందు పెరిగింది, అంతే. సాయంత్రానికి సరిచేసి ఇస్తా."

బండి చల్లారాక పైమూత విప్పి కొలిచి చూస్తే, వాల్వుల సందులు ఉండాల్సినంతే ఉన్నాయి. వెంట్రుకవాసి అటూ ఇటూ. మరి చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు? అసలు వస్తోందా? లేని చప్పుడు వాళ్లకి వినిపిస్తోందా, ఉన్న చప్పుడు తనకి వినిపించట్లేదా? ఈ రెండో ప్రశ్న తలుపు దాకా వచ్చి నిలబడింది. ఆయన దాన్ని లోపలికి రానివ్వలేదు. ఆ వెంట్రుకవాసి కూడా సరిచేసి, మూత బిగించి, ఇంజను స్టార్ట్ చేసి వదిలేశాడు. బావమరిది వచ్చేసరికి అది బాగా వేడెక్కి ఉంది.

"ఇప్పుడెలా ఉంది?" అన్నాడు మేస్త్రి, ఏదో మాటవరసకి అడిగినట్టు.

బావమరిది చెవి రిక్కించాడు. "తగ్గింది బావా. దాదాపు పోయినట్టే."

మేస్త్రి గుండె కుదుటపడింది. "చెప్పలా! పో, గాజు ఎక్కించుకుని రేపు కొండ దారి పట్టు. నేను చెప్తున్నాగా."

కొండ మీద కొత్తగా కట్టిన బడికి కిటికీల గాజు చేర్చాలి. బావమరిది అప్పుడే వెళ్లి సరుకు ఎక్కించుకొచ్చి, తన ఇంటి సందులో బండి తిరగదు కాబట్టి మేస్త్రి కొట్టు ముందే నిలిపి పోయాడు.

పొద్దున్నే వచ్చి తాళం తిప్పిన వాడి ముఖం పాలిపోయింది.

"బావా! నిన్నటికంటే ఎక్కువగా ఉందే! ఈసారి ఆగట్లేదు కూడా."

మేస్త్రి ఇంజను దగ్గర నిలబడ్డాడు. ఆయనకి వెనక చట్రాల్లో గాజు పలకలు సన్నగా వణకడం కనిపించింది. ఎండ వాటిమీద పడి రోడ్డంతా మెరుస్తోంది. చప్పుడు మాత్రం లేదు.

"ఇది మామూలేనా?" అన్నాడు బావమరిది, కిటికీలోంచి తల బయటపెట్టి. "నువ్వు మామూలే అంటే బయల్దేరతాను. నువ్వు చెప్పాక నాకింకేం భయం?"

ఎంత మోగినా భయం లేని చప్పుళ్లున్నాయి. మోగిన కాసేపటికే మనిషి ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. ఏది ఏదో ఆయనకి కంఠతా వచ్చు. కానీ ఇప్పుడు మోగుతున్నది ఏదో చెప్పాలంటే ముందు అది వినిపించాలి కదా! కొండ మలుపులో ఇంజను ఆగిపోతే స్టీరింగు మొరాయిస్తుంది, బ్రేకు పెడలు రాయిలా బిగుసుకుపోతుంది. వీపు వెనక బండెడు గాజు. 'పో' అంటే వీడు పోతాడు. 'ఆగు' అంటే ఎందుకని అడుగుతాడు. రెండు మాటలూ నాలుక మీదికొచ్చి ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి.

"కాస్త ఉండు, నీళ్లు తాగొస్తా," అని కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకి జారుకున్నాడు.

వంటింట్లో భార్య చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడి ఉంది. "అంత చప్పుడు వస్తుంటే వాణ్ణి బండి తీసుకుపొమ్మంటారేంటండీ!" అని అరిచింది.

"నీకు వినిపించిందా?"

"వినిపించకేం!"

"ఇక్కడికా? వంటింట్లోకా?"

ఆవిడ గరిటె పక్కన పెట్టి, అవునన్నట్టు తల ఊపింది. ఆయన వంక చూసిన చూపులో కోపం లేదు. అసలు అందులో కోపం ఎప్పుడైనా ఉందా అని ఆయనకి మొదటిసారి అనుమానం వచ్చింది. టైలరు ఆటపట్టించగలడు. బావమరిది భ్రమపడగలడు. పొయ్యి దగ్గరున్న మనిషి ఎందుకు అబద్ధమాడుతుంది? నిన్న తలుపు దగ్గర ఆపిన ప్రశ్న ఈసారి అడక్కుండానే లోపలికొచ్చి కూర్చుంది. భయమేసింది ఆయనకి.

కొట్టులోకొచ్చి మేకుకి వేలాడుతున్న మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు తీశాడు. దాని కొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటే లోపలి చప్పుడు ఇనుము వెంబడి నడిచొస్తుంది. దాన్ని ఆయన ఇంతవరకు ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. కొన ఇక్కడ పెట్టాడు, అక్కడ పెట్టాడు. నీళ్లలో మునిగి వింటున్నట్టు దూరంగా ఏదో గుయ్‌మంటోంది, అంతే. తల ఎత్తేసరికి భార్య పక్కనే ఉంది. పిడి ఆవిడ చేతికిచ్చాడు.

"నేనెందుకండీ?"

"నాకు వినిపించట్లేదు."

ఆ మాట అందరికీ వినిపించింది. టైలరు కుట్టుమిషను ఆగిపోయింది. బావమరిది నోరు వెళ్లబెట్టాడు. ఆవిడ మాత్రం ఇంకేమీ అడక్కుండా, జుట్టు ముడివేసుకుని, తిరిగే బెల్టుకి దూరంగా జరిగి, పిడి చెవికి ఆనించింది. కొన ఆయన పట్టుకున్నాడు.

"ఇక్కడ ఏముంది?" ఇంజను కింది భాగం.

"గ్రైండరు తిరుగుతున్నట్టు," అని ఇంజను మోతని మించి అరిచి చెప్పింది.

"మామూలే. ఇక్కడ?" పైమూత.

"గడియారంలా టిక్కుటిక్కుమంటోంది. సమంగా ఉంది."

"అవి వాల్వులు. మంచి చప్పుడే." నిన్నంతా అనవసరంగా వాటి వెంటపడ్డానే అని సిగ్గుపడుతూ కొనని ఇంజను ముందుమూత మీదికి జరిపాడు.

ఆవిడ ఉలిక్కిపడి చెయ్యి లాగేసుకుంది. "అమ్మో! తలుపు గొలుసు తీసుకుని ఎవరో రేకుకేసి కొడుతున్నట్టుందండీ!"

"సమంగా ఉందా, తడబడుతోందా?"

"తడబడుతోంది. ఒకటి పడుతుంది, ఒకటి ఈడుస్తుంది."

"ఒరేయ్, కాస్త యాక్సిలరేటర్ నొక్కి వదులు." వాడు నొక్కి వదిలాడు. "ఎప్పుడు ఎక్కువైంది?"

"వదిలినప్పుడు. అప్పుడు మరీ గలగలమంది."

మేస్త్రికి ఆ చప్పుడు వినిపించలేదు గానీ, ఆవిడ ముఖంలో అచ్చంగా కనిపించింది. "ఆపరా! ఆపెయ్ బండి!" అని ఆయనే వీధి అదిరేలా అరిచాడు.

గాజు ఇంకో బండి మీద కొండెక్కింది. మేస్త్రి ముందుమూత విప్పడానికి కూర్చున్నాడు. ఆ మూత వెనక ఒక గొలుసు ఉంటుంది, టైమింగ్ చైను. కింద పిస్టన్లు తిప్పే ఇరుసునీ, పైన వాల్వుల్ని ఆడించే ఇరుసునీ అడుగు తప్పకుండా కలిపి తిప్పేది అదే. అది వదులవకుండా టెన్షనరు అనే చిన్న పనిముట్టు ఆయిలు ఒత్తిడితో దాన్ని నొక్కిపట్టి ఉంచుతుంది. రాత్రంతా బండి నిలబడితే ఆయిలు కిందికి జారిపోతుంది. పొద్దున్నే మళ్లీ పైకెక్కేదాకా గొలుసు గిలక్కాయలా ఆడుతుంది. వేడెక్కితే తగ్గడం అందుకే. ఆ గొలుసు ఒక్క పన్ను జారిందా, పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని గుద్దుతాయి. ఇంజను అక్కడికక్కడే చస్తుంది.

మూత ఊడొచ్చింది. గొలుసు సాగి వేలాడుతోంది. దాన్ని దారిలో నడిపించే ప్లాస్టిక్ పట్టీ విరిగి, ముక్కలు కింద ఆయిల్లో పడి ఉన్నాయి. మూత లోపలి గోడ మీద గొలుసు ఒరుసుకున్న చోట వెండిలా తళతళలాడే గాడి. మేస్త్రి ఆ గాడిలో గోరు పెట్టి చూశాడు. గోరు దిగింది.

బావమరిది వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆ గాడిని తనూ వేలితో తడిమాడు. తర్వాత బావ చెవి దగ్గరికి వంగి, "నువ్వు పో అని ఉంటే నేను పోయేవాణ్ణి బావా," అన్నాడు. తిట్టినా బాగుండేది. వాడు తిట్టలేదు.

కొత్త గొలుసు, కొత్త పట్టీలు, పళ్ల చక్రాలు, టెన్షనరు అన్నీ వచ్చాయి. ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టి విప్పి ప్లాస్టిక్ ముక్కలన్నీ ఏరేశాడు. గొలుసు మీది గుర్తుల్ని చక్రాల గుర్తులతో కలిపి, చేత్తో ఇంజను తిప్పి చూసి, నమ్మకం కుదరక మళ్లీ తిప్పి చూశాడు. చేతులకి తడబాటు లేదు. తలలో మాత్రం ఇంకా అదే గందరగోళం: చెవి లేని చెవి మేస్త్రి అంటే ఎవరు? రేపట్నించి ఆ స్టూలు మీద ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి?

బండి రాత్రంతా చల్లారాక, పొద్దున్న బావమరిది తాళం తిప్పాడు. టైలరు కొట్టు వదిలి వచ్చి మరీ నిలబడ్డాడు. మేస్త్రి ఇంజను వైపు చూడలేదు. భార్య ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ స్క్రూడ్రైవరు పిడి చెవికి పెట్టుకుని, కనుబొమలు ముడిచి, విని, విని, నెమ్మదిగా ముడి విప్పింది. చప్పుడు లేదన్నట్టు తల ఊపింది.

"అదీ! బావ చెవా మజాకా!" అని గంతేశాడు బావమరిది, పాత అలవాటు కొద్దీ.

"నా చెవి కాదురా, మీ అక్కది," అన్నాడు మేస్త్రి, టైలరుకి కూడా వినిపించేలా. "నాది ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. వచ్చేవాళ్లకి అదే చెప్పండి. వినేది ఆవిడ, విప్పేది నేను."

బండి గాజు కోసం వెళ్లిపోయింది. టైలరు మిషను మళ్లీ ఆడటం మొదలుపెట్టింది కాబోలు, కాలు కదులుతోంది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ భార్య దగ్గరికొచ్చాడు.

"ఇన్నాళ్లూ నువ్వు నామీద అరుస్తున్నావనుకున్నానే."

ఆవిడ ఏదో అంది. పెదవులు కదలడం కనిపించింది, అంతే.

"ఏంటీ?" అన్నాడు ఆయన. అలా అడగడానికి ఈసారి సిగ్గుపడలేదు.

ఆవిడ దగ్గరగా జరిగి, వీధి వీధంతా వినేలా అరిచింది: "మీకు వినపడాలని అరిచానండీ!"