బీరపువ్వు చెప్పిన పొద్దు

నా చిన్నప్పుడు, కోదాడ దగ్గరి మా ఊళ్లో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటే, అది పట్వారీగారిది. మిగతా వాళ్లందరం ఎండను చూసి వేళ తెలుసుకునేవాళ్లం. వానాకాలంలో మబ్బు పట్టి ఎండ జాడ తెలియకపోతే ఆడవాళ్లు పెరట్లో బీరపాదు వైపు చూసేవారు. బీర పొద్దువాలే వేళకు గానీ పూయదు. పందిరి మీద పసుపు పూలు కనబడితే పొయ్యి రాజేసేవారు.

ఆ సంవత్సరం దాడులతో ఊళ్లన్నీ భయం గుప్పిట్లో ఉన్నాయి. వయసులో ఉన్న మగవాళ్లు చాలామంది సంస్థానం సరిహద్దు దాటి జగ్గయ్యపేట వైపు పోయారు. మా చిన్నాయన కూడా వెళ్లాడు. ఆయన క్షేమంగా తిరిగొచ్చేదాకా ప్రతి సోమవారం పొద్దు గూకనిదే మెతుకు ముట్టనని మా నాయనమ్మ ఒక్కపొద్దు పట్టింది. ఆమె కళ్లకు అప్పటికే పొరలు కమ్మాయి. ఎదురుగా మనిషి నిలబడ్డా పోల్చుకోలేకపోయేది. పైగా అప్పుడే జ్వరం నుంచి లేచింది. ఈ ఉపవాసంతో ఆమె ఏమైపోతుందోనని మా అమ్మ లోలోపల వణికిపోయేది.

ఒక సోమవారం మధ్యాహ్నం తిరిగాక పెద్ద మబ్బు కమ్మింది. ఇల్లంతా చీకటైంది. కోళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ గూట్లోకి పోయాయి. అమ్మ దీపం పెట్టి, పళ్లెంలో జొన్నరొట్టె, పప్పు తెచ్చింది.

"అత్తమ్మా, పొద్దు గూకింది. కోళ్లు గూడ గూడు జేరినయ్. జర తినుండ్రి."

నాయనమ్మ పళ్లెం మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. "బిడ్డా, బీర పూసిందా సూసిరా పో" అని నన్ను పంపింది.

పరుగెత్తి వెళ్లి చూశాను. మొగ్గలన్నీ పచ్చగా, బిగుసుకుని ఉన్నాయి. తిరిగి వచ్చేసరికి నాయనమ్మ వెనకాల నిలబడి అమ్మ నాకు తల ఊపుతోంది. పూసిందని చెప్పమని. నాకూ చెప్పేయాలనే ఉంది, నాయనమ్మ పొట్ట వీపుకంటుకుపోయి ఉంది మరి. కానీ చెబితే చిన్నాయన రాడేమోనని భయమేసింది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

నాయనమ్మకు నా మౌనం చాలింది. నా భుజం పట్టుకుని తానే పెరట్లోకి వచ్చింది. పందిరి తడుముకుంటూ మొగ్గను వేలి కొసలతో ముట్టుకుంది, పసిపిల్ల బుగ్గను ముట్టుకున్నట్టు.

"ఇంక పండుకునే ఉంది" అంది.

మేమింకా అక్కడే ఉండగా మబ్బు చెదిరి ఎండ ఫెళ్లున కాసింది. కోళ్లు ఒక్కొక్కటే గూట్లోంచి తొంగిచూసి, ఏమీ జరగనట్టు మళ్లీ పెంటకుప్ప గీరడం మొదలుపెట్టాయి. అమ్మ ముఖం చూడాలి అప్పుడు. నాయనమ్మ మాత్రం పందిరి గుంజ పట్టుకుని నవ్వింది.

"కోడికి కండ్లున్నయి గని ఓపిక లేదు. జర చీకటైతె రాత్రి అంటది. బీర అట్ల గాదు."

నాకు ఆ మాట చాల్లేదు. బీరను మనమే చీకట్లో పెడితే ఏం చేస్తుందని అడిగాను. ఇంకొకరైతే నోరు మూసుకోమనేవారు. ఆమె మర్నాడు పొద్దెక్కాక రెండు గంపలు తెప్పించింది. ఒకటి కోడి మీద బోర్లించాం. అరుపులు కాసేపటికే ఆగి, కోడి ముడుచుకుని కూర్చుంది. రెండోది మొగ్గలున్న ఒక తీగ మీద కప్పాం. మధ్యాహ్నం ఎత్తి చూస్తే మొగ్గలు కదల్లేదు, మళ్లీ కప్పాం. సాయంత్రం మాత్రం గంప కిందివి మిగతా వాటికంటే కాస్త ముందే విచ్చుకున్నాయి. ఆ సంగతి చెప్పగానే నాయనమ్మ ఆలోచనలో పడింది.

"అయితె బీర గూడ జరంత మోసపోతది. ఇగ సింతాకు ముడుసుకుందో లేదో గూడ సూసి చెప్పు బిడ్డా" అంది.

నన్ను తిట్టలేదు, బీరను తిట్టలేదు. తనకు తెలిసిన దానికి ఇంకొంచెం కలుపుకుంది, అంతే. ఆనాటి నుంచి సోమవారాల్లో అటు బీరపాదుకూ ఇటు చింతచెట్టుకూ మధ్య తిరగడం నా పని. ఆకులు జంటలు జంటలుగా ముడుచుకుంటుంటే, పువ్వు రేకులు విప్పుతుంటే ఎన్నిసార్లు చూసినా తనివి తీరేది కాదు. ఒకే వెలుగు, ఒక్కో ప్రాణానికి ఒక్కో తీరున తెలుస్తోంది.

చలికాలంలో చిన్నాయన తిరిగొచ్చాడు. గొంతు విన్నా నాయనమ్మ ఊరికే నమ్మలేదు. దగ్గరికి రమ్మని, బీరమొగ్గను ముట్టుకున్న ఆ వేలి కొసలతోనే అతని నుదురు, ముక్కు, గడ్డం తడిమి చూసింది. ఆ తరవాతే ఏడ్చింది.

ఇప్పుడు నా కళ్లూ మసకబారాయి. కిటికీ దగ్గర తొట్టిలో బీరతీగ పెట్టుకున్నాను. మబ్బు పట్టిన రోజున కోడలు లైటు వేసి, "చీకటి పడిందత్తమ్మా, తినుండ్రి" అంటుంది. నా మీద ప్రేమతోనే అంటుందని తెలుసు. అయినా లేచి వెళ్లి, ఒకసారి మొగ్గను ముట్టుకుని వచ్చాకే పళ్లెం ముందు కూర్చుంటాను.