వంకర మాస్టారి నిటారు రాత

మా బావ బోర్డులు రాసే పెయింటరు. ఆయనకు రెండు చేతిరాతలు ఉండేవి. ఒకటి నిటారు రాత. సుద్ద పూసిన దారంతో గీతలు కొట్టుకుని, అక్షరానికి గంటకు పైగా పెట్టి రాసేవాడు. రెండోది తగ్గింపు అమ్మకాల బోర్డుల కోసం కుంచెను ఒక్క విసురున లాగి పారేసే వాలు రాత. మొదటిదాన్ని చూసుకుని మురిసిపోయేవాడు. రెండోదంటే ఆయనకు పరమ రోత.

"చెప్పుల షాపువాడు గంటలో కావాలంటాడ్రా. గంటలో అక్షరం పుడుతుందా? అదంతా కుంచె కక్కిన కక్కు," అనేవాడు నాతో.

ఊరికి ఆ కక్కే కావలసివచ్చింది. నలభై ఏళ్లు అదే రాయించుకుని, ఆయనకు వంకర మాస్టారని పేరు కూడా తగిలించింది. ఆ పేరు వింటే మా అక్క పళ్లు నూరేది. నిటారు రాతతో రాసిన బోర్డులు మొత్తం పదో పన్నెండో. వాటిలో ఆఖరిది గ్రంథాలయం బోర్డు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు అదీ చెత్తలో కలిసింది.

పోయిన నెల ఒక డిజైనరు వచ్చాడు. కంప్యూటరు కోసం అక్షరాలు తయారుచేస్తాడట. చేతులకు ఎక్కడా రంగు మరక లేదు. పాత గోడల మీద బావ రాసిన వాలు అక్షరాలను ఫొటోలు తీసుకొచ్చాడు. వాటిని ఫాంటుగా చేస్తే, ఎవరు మీట నొక్కినా సబ్బు డబ్బా మీదా సినిమా పోస్టరు మీదా బావ రాతే పడుతుందట. దానికి వంకర మాస్టారనే పేరు పెడతాడట.

"ఎంత హాయిగా, నిర్లక్ష్యంగా ఉందండీ మీ రాత!" అన్నాడు.

బావ ముఖం చేదు మింగినట్లయింది. "నేను పోయాక మిగిలేది ఇదా? ఛీ! నా అసలు రాత చూపిస్తాను, అది తీసుకో. శనివారం రా."

డిజైనరు మర్యాదస్తుడు, సరేనన్నాడు. ఆ నాలుగు రోజులూ బావకు అన్నం సహించలేదు. తన రాత ఒక్కటైనా నిలబడాలని ఆయన తపన.

శనివారం పొద్దున్నే రేకు మీద నిలువుగీతలు, అడ్డగీతలు కొట్టి, 'గ్రంథాలయం' అని మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాకా పట్టింది. నాకు రెండో అక్షరం దగ్గరే తెలిసిపోయింది, చెప్పబోయాను. అక్క నా మోచెయ్యి గట్టిగా గిల్లింది.

రాయడం అయ్యాక బావ నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. సుద్దగీతలు నిలువుగానే ఉన్నాయి. అక్షరాలు మాత్రం కుడివైపుకు ఒరిగి, అచ్చం చెప్పుల షాపు బోర్డులా హుషారుగా ఉన్నాయి.

డిజైనరు ఎగిరి గంతేసినంత పని చేశాడు. "ఇదీ అదే రాత కదండీ మాస్టారూ! కాస్త పెద్దగా రాశారంతే. ఇది కూడా తీసుకుంటాం."

వాణ్ణి మెడపట్టి గెంటాలన్నంత అసహ్యం వేసింది నాకు, పాపం వాడి తప్పేమీ లేకపోయినా.

బావ టర్పెంటైన్ గుడ్డ అందుకున్నాడు. బోర్డు తుడిచేస్తాడనుకున్నాను. రంగు చుక్కైనా అంటని కుడిచేతిని, ఒక్కో వేలూ పట్టి రుద్దుకుంటూ కూర్చున్నాడు. "ఇక చాల్లెండి, తోలు ఊడొస్తుంది," అని అక్క ఎంత చెప్పినా ఆపలేదు.