తాత జాగీరు

నా చిన్నప్పుడు సారంగాపూర్ దగ్గరి మా ఊరి బడిలో గంట అంటే వేపకొమ్మకు కట్టిన ఒక రైలు పట్టా ముక్క. దాన్ని కొట్టే పని క్లాసు లీడరుది. చదువు సంగతేమో గానీ, ఆ గంట మీద మాత్రం నాకు ప్రాణం. ఇంట్లో పళ్లెం మీద గరిటెతో మోగించి మా అమ్మ చేత తిట్లు తినేదాన్ని.

ఆ ఏడు లీడరును ఓట్లతో ఎన్నుకుందామని మా సారు అన్నాడు. జగిత్యాల నుంచి సైకిల్ మీద వచ్చే ఆయనకు ఏ పాఠమైనా ఆటలాగా చెప్పే అలవాటు. పోటీకి నేనూ, నేతపని వాళ్లింటి పిల్లగాడూ నిలబడ్డాం. క్లాసులో మా కూలోళ్ల వాడ పిల్లలే ఎక్కువ, కాబట్టి గంట నాదేనని నా ధీమా. ఓట్లకు ముందే ఇద్దరం తగువు పెట్టుకున్నాం.

"గంట నీ తాత జాగీరనుకున్నవా?" అన్నాడు వాడు.

"మరి నీ తాత జాగీరా?" అన్నాను నేను.

గుమ్మంలో నిలబడి విన్న సారు లోపలికొచ్చి, ముఖం గంభీరంగా పెట్టుకొని కొత్త షరతు చెప్పాడు. "ఎవల తాత గీ బడిల సదువుకున్నడో గాళ్లే ఓటెయ్యాలె. అందరికి ఒక్కటే రూలు."

అందరికీ ఒక్కటే కదా, బాగానే ఉందనుకున్నాను. తీరా అలాంటివాళ్లను లేవమనేసరికి మా వాడ పిల్లలు ఒక్కరూ లేవలేదు. మా తాతల కాలంలో మావాళ్లను ఆ బడి మెట్లు ఎక్కనివ్వలేదు మరి. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "మా తాతయ్య గీ గోడలకు మట్టి మోసిండు సారూ" అన్నాను.

"మోసిండు. సదువలే గదా. కూసో బిడ్డా."

ఆ పిల్లగాడి దోస్తు ఒకడున్నాడు. వాడి తాత కూడా చదువుకోలేదు. దోస్తుతో పాటు లేచినవాడు మళ్లీ కూర్చోబోతుంటే సారు ఆపాడు. "మీ తాత గడప దాక అచ్చిండంట గదా. సరే, నువ్వెయ్యి." ఇంకేముంది, నా కడుపు మండింది. ఓట్లన్నీ ఆ పిల్లగాడికే పడ్డాయి.

"మా తాతను రానియ్యకపోతే ఎట్ల సదువుతడు సారూ? గీ రూలు మా మీదికే ఎందుకచ్చింది?" అని గట్టిగా అడిగేశాను. కొడతాడేమో అనుకున్నాను. ఆయన నవ్వి బల్ల మీద కూర్చున్నాడు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నానన్నాడు.

అమెరికాలో నల్లజాతి వాళ్లను తరతరాలు బానిసలుగా ఉంచారట. బానిసత్వం పోయింది, ఓటు హక్కు వచ్చిందని చట్టం రాశారట. కానీ అక్కడి దక్షిణాది రాష్ట్రాల్లో దొరతనం చేసేవాళ్లు ఊరుకోలేదట. ఓటుకు పన్ను కట్టమన్నారు, చదివి చూపించమన్నారు. తప్పో ఒప్పో చెప్పేది వాళ్లే. ఆ షరతులకు చదువురాని తెల్లవాళ్లు కూడా ఆగిపోతారు కదా, వాళ్ల కోసం ఇంకో రూలు పెట్టారు. తాత ఓటేసి ఉంటే మనవడికి ఏ పరీక్షా లేదు. నల్లవాళ్ల తాతలు బానిసలు, వాళ్లకు ఓటెక్కడిది? రూలులో నల్లవాళ్లనే మాట ఎక్కడా ఉండదట. అయినా అడగడానికి పోయినవాళ్ల పని ఊడగొట్టేవాళ్లు, ఇల్లు తగలబెట్టేవాళ్లు, చంపేవాళ్లు కూడా. బడులు వేరు, నీళ్ల నల్లాలు వేరు.

నీళ్ల మాట వినగానే మా వాడ పిల్లలం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంత దూరాన ఉన్నవాళ్లకు మన ఊరి పద్ధతి ఎవరు చెప్పారా అని నాకు ఒకటే ఆశ్చర్యం.

"ఎన్నేండ్లు గట్ల జేసిండ్రు?"

"మీ తాత పుట్టక ముందటి సంది మొన్నమొన్నటి దాక."

"ఓటు లేదంటే ఇంటికి వోయి ఏం జేసిండ్రు సారూ?"

"గది నాకు తెల్వది బిడ్డా. కని మల్ల అచ్చిండ్రు. కోర్టుకు పోయిండ్రు, జైలుకు పోయిండ్రు, పానాలు ఇడిసిండ్రు. మల్లమల్ల అచ్చిండ్రు."

తర్వాత తన రూలు తీసేసి అందరితోనూ చేతులెత్తించాడు. ఈసారి గెలుపు నాదేనని ఒళ్లు పొంగింది. తీరా చూస్తే మళ్లీ ఓడిపోయాను. నా పక్కన కూర్చునే మా వాడ పిల్లే వాడికి చెయ్యెత్తింది. ఎందుకే అంటే, "నువ్వు ఊకె కొట్లాడుతవు, వాడు మంచిగ మాట్లాడుతడు" అంది.

ఆ రోజు రెండుసార్లు ఏడ్చాను. రెండో ఏడుపు ఇంటికి చేరేలోపే ఆరిపోయింది. నన్ను వద్దనుకున్నారు, అంతే. మొదటిది మాత్రం ఇప్పటికీ ఆరలేదు. అప్పుడు నేనూ మా తాతయ్యా అసలు ఆ గదిలో లేనట్టే చేశారు. ఆట అని తెలిశాక కూడా ఆ మంట పోలేదు.

ఇప్పుడు కోరుట్లలో మా కాలనీ మీటింగుకు పోతాను. ఎవరైనా లేచి "అందరికి ఒక్కటే రూలు" అంటే అందరూ చప్పట్లు కొడతారు. నేను మాత్రం చెయ్యెత్తి, ఆ రూలుతో బయట మిగిలిపోయేది ఎవరని అడుగుతాను. ముసలమ్మ మళ్లీ మొదలుపెట్టిందని నవ్వుతారు. నవ్వనీ. ముందు వాళ్లను లోపలికి పిలవండి, వాళ్ల చేతులూ లేవనివ్వండి, ఆ తర్వాత నన్ను ఓడించినా నాకేం బాధ లేదంటాను.